పదవ వంతు తెలియని లెక్కగాడు

ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలలలో బస్తర్ అడవుల్లో తునికాకు కోత సాగుతుంది. తెల్లవారక ముందే కుటుంబాలు అడవికి బయలుదేరి వెళ్ళి, ఆకు కోసి తెచ్చి, ఇంటి నీడన కూర్చుండి, యాభై ఆకులను ఒక కట్టగా కట్టి, పొద్దు వాలే వేళకు ఊరి వెలుపలనున్న ఫడ్‌కు చేరుస్తాయి. తెలుగునాట కల్లం అని పిలిచే చోటునే అక్కడ ఫడ్ అంటారు. వేయి కట్టలు, అనగా యాభై వేల ఆకులు, కలిస్తే ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో బస్తాకు 4,000 రూపాయలు చెల్లించింది. 2024లో ఆ ధరను 5,500 రూపాయలు చేసింది. అనగా కట్టకు ఐదున్నర రూపాయలు. ఫడ్ మున్షీ తన పుస్తకంలో కట్టల సంఖ్య వ్రాస్తాడు. ఆ సంఖ్యలు సహకార సంఘానికి, అక్కడనుండి కంప్యూటర్‌లోని గళ్ళ పట్టికకు, దానినుండి బ్యాంకుకు ప్రయాణం చేస్తాయి. అడవిలో ఒక మనిషి వంగి కోసిన ఆకు ఈ మార్గంలో ఎక్కడో ఒకచోట పూర్తిగా అంకెగా మారిపోతుంది. ఆ అంకె సరిగా ఉన్నదా లేదా అన్నది ఆ మనిషికి చిన్న విషయం కాదు.

ఐదున్నర అన్నది కంప్యూటర్‌కు ఎంతో ఇష్టమైన సంఖ్య. దానిని అది ఒక్క పిసరు కూడా తేడా లేకుండా దాచుకోగలదు. ప్రభుత్వం ఏ కారణం చేతనైనా కట్టకు ఐదు రూపాయల అరవై పైసలు నిర్ణయించి ఉంటే మాత్రం, లోకంలోని ఏ సామాన్య స్ప్రెడ్‌షీట్ కూడా ఆ ధరను ఉన్నదున్నట్లుగా తనలో ఉంచుకొనలేక పోయి ఉండేది. ఐదు రూపాయల అరవై పైసలకు అతి సమీపంలోనున్న మరొక సంఖ్యను ఉంచుకొని, తెరపై మాత్రం 5.60 అని చూపి ఉండేది. రెండవ తరగతి బాలుడు వ్రాయగలిగిన సంఖ్యను, రెప్పపాటులో కోట్ల గుణకారాలు చేసే యంత్రం వ్రాయలేకపోవడం వింతగానే తోచవచ్చు. కారణం తెలిస్తే అది వింత కాదు. చాలా పాత సంగతి.

ఒక వర్తకుని ఊహించండి. అతని వద్ద తక్కెడ ఉన్నది. రాళ్ళు మాత్రం ఒక చిత్రమైన వరుసలో ఉన్నాయి: కిలో, అర కిలో, పావు, అందులో సగం, దానిలోనూ సగం. ప్రతి రాయీ ముందుదానిలో సగమే. ప్రతి రకంలోను ఒక్కటే రాయి. ఇతనిని కిలోలో సరిగ్గా పదవ వంతు చిరోంజి పప్పు తూచమని అడిగితే ఏమి చేస్తాడు? పదహారవ వంతు రాయి వేస్తాడు, చాలదు. ముప్పై రెండవ వంతు రాయి కలుపుతాడు; 0.09375 అవుతుంది. ఇంకా కొంచెం కావాలి. 256వ వంతు, 512వ వంతు కలిపితే 0.099609375 అవుతుంది. ఇంకా కొంచెం కావాలి. ఎంత చిన్న రాయి తెచ్చినా తక్కెడ ముల్లు మధ్యకు రాదు. పదవ వంతుకు దగ్గరవుతూనే ఉంటాడు గాని, దానిని తాకడు.

కంప్యూటర్ సరిగ్గా ఈ వర్తకుడే. సున్న, ఒకటి అనే రెండు గుర్తులతో లెక్కించే ద్విసంఖ్యా పద్ధతిలో సగం, పావు, అరపావు, వీసం వంటి భిన్నాలు నిండుగా ఇముడుతాయి. పది అనే సంఖ్యలో ఐదు దాగి ఉన్నది; ఎన్నిసార్లు రెండుతో భాగించినా ఆ ఐదు పోదు. కనుక పదవ వంతు ఆ పద్ధతిలో అంతం లేని భిన్నమవుతుంది. మన దశాంశ పద్ధతిలో మూడవ వంతుకు పట్టిన గతే అది. 0.333 అని ఎంత దూరం వ్రాసినా మూడవ వంతు పూర్తి కానట్లే, 0.1 కూడా యంత్రంలో పూర్తి కాదు.

కాగితం అంతం లేనిదైతే అంతం లేకుండా వ్రాయవచ్చును. యంత్రంలో స్థలానికి హద్దు ఉన్నది. నేటి స్ప్రెడ్‌షీట్లు వాడే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో ఒక్కొక్క సంఖ్యకు 53 ద్విసంఖ్యా స్థానాలు మాత్రమే లభిస్తాయి. దశాంశాలలో చెప్పాలంటే సుమారు 15 నుండి 17 అంకెలు. బిందువు సంఖ్య పరిమాణాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతుంది కనుకనే దానికి ఆ పేరు వచ్చింది. 53వ స్థానం వద్ద కత్తి పడుతుంది. మిగిలినది సమీపంలోని విలువకు సవరింపబడుతుంది. అట్లు దాచబడిన పదవ వంతు అసలు విలువ సుమారు 0.1000000000000000055. దానిని పదిసార్లు కూడితే ఒకటి రావలసిన చోట 0.9999999999999999 వస్తుంది. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఎక్సెల్ పట్టికలో 4.1 నుండి 4 తీసివేసి, దశాంశ స్థానాలు పెంచి చూచిన వారికి 0.1కి బదులు 0.0999999999999996 కనిపిస్తుంది. యంత్రం చెడిపోలేదు. దానికి చెప్పిన పని అది శ్రద్ధగానే చేసింది.

తెలుగువారికి ఈ కథలో ఒక ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. మన పాత లెక్కలు కంప్యూటర్ లెక్కలకు దగ్గరి చుట్టాలు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ప్రాంతాన్ని బట్టి కొలతల నిండుదనంలో తేడాలుండేవి గాని, ఈ మెట్లన్నీ రెండు, నాలుగు అనే సంఖ్యలతోనే కట్టబడినవి. భిన్నాలకు కూడా తెలుగులో పూర్వం ప్రత్యేకమైన గుర్తులుండేవి. అవి నాలుగును మూలంగా చేసుకొన్నవి. పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. దాని దిగువ మెట్టైన వీసాలకు, అనగా పదహారవ వంతులకు, అడ్డగీతలు. ఆ దిగువ కానికి, అనగా అరవై నాలుగవ వంతుకు, తిరిగి నిలువు గీతలు. గీత నిలువా అడ్డమా అన్నదానిని బట్టి స్థానం తెలిసిపోయేది. కరణాల దస్త్రాలతో పాటు మరుగున పడిన ఆ గుర్తులకు 2008లో యూనికోడ్ ప్రమాణంలో స్థానం లభించింది; నేడు ఏ కంప్యూటర్‌లోనైనా వాటిని టైపు చేయవచ్చును. నాలుగు అన్నది రెండు రెళ్ళే కనుక, కాలు, వీసం, కాని అన్నవి యంత్రంలో పొల్లు పోకుండా ఇముడుతాయి. కరణంగారి భిన్నాలను తెచ్చి నేటి యంత్రానికి ఇస్తే అది ఒక్క తప్పు కూడా చేయదు.

రూపాయి సంగతీ అంతే. పదహారణాలు ఒక రూపాయి. అణాకు నాలుగు పైసలు చొప్పున రూపాయికి 64 పైసలు. పావలా, బేడ, అణా, కానీ అన్నీ యంత్రానికి నచ్చిన భిన్నాలే. అణాకు పన్నెండు పైలు అన్న లెక్క ఒక్కటే అందులో మూడును తెచ్చి పెట్టింది. ఈ రూపాయిని పదుల్లోకి మార్చినది 1955 నాటి నాణెముల సవరణ చట్టం. అది 1957 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆనాటినుండి రూపాయికి నూరు నయా పైసలు.

కంప్యూటర్‌ను చూడని కోట్లాది భారతీయులు సవరింపు దోషమంటే ఏమిటో ఆ రోజున చేతితో తాకి తెలుసుకొన్నారు. అప్పుడు మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న బస్తర్ సంతలలోనూ, ఆంధ్ర దేశపు అంగళ్ళలోనూ పాత నాణెం, కొత్త నాణెం పక్కపక్కనే చెలామణి అయ్యాయి. లెక్క ప్రకారం అణాకు ఆరుంబావు నయా పైసలు. పావు పైసా నాణెం లేదు. కనుక సగం గాని, సగానికి తక్కువ గాని ఉన్న భిన్నాన్ని వదలివేయాలనీ, సగానికి మించితే ఒక పైసాగా లెక్కించాలనీ నియమం చేశారు. దాని ఫలితంగా అణా ఆరు పైసలైనది. బేడ పన్నెండున్నర కావలసినది పన్నెండైనది. మూడణాలు పద్దెనిమిది ముప్పావు కావలసినది పందొమ్మిదైనది. ఒకే సరుకును మూడుసార్లు అణా చొప్పున కొన్నవాడు పద్దెనిమిది పైసలిచ్చాడు; ఒకేసారి మూడణాల సరుకు కొన్నవాడు పందొమ్మిది ఇచ్చాడు. పదహారు అణాలను ఒక్కొక్కటిగా మార్చితే తొంబది ఆరు పైసలే వచ్చాయి. నాలుగు పైసలు గాలిలో కలిసిపోయాయి. ఎక్కడ సవరించాలి, ఎన్నిసార్లు సవరించాలి అన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి పాఠం ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. ఒక్కొక్క మెట్టులో సవరిస్తే ఒక ఫలితం. చివర ఒక్కసారి సవరిస్తే వేరొక ఫలితం.

స్ప్రెడ్‌షీట్ వయస్సు అర్ధశతాబ్దం కూడా కాదు. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు యువకులు విసికాల్క్ అనే పట్టికను విడుదల చేశారు. ఫ్రాంక్‌స్టన్ అందులో ద్విసంఖ్యలకు బదులు దశాంశ గణితాన్నే వాడాడు. జమాఖర్చుల వారికి తెలిసిన అంకెలే రావాలని అతని కోరిక. తర్వాత వచ్చిన పట్టికలు వేగం కోసం యంత్రపు సహజ భాష అయిన ద్విసంఖ్యలకు మళ్ళాయి. ఒక్కొక్క కంపెనీ యంత్రం ఒక్కొక్క తీరున సవరిస్తూ, ఒకే లెక్కకు పలు సమాధానాలు ఇస్తున్న అరాచక స్థితిని చక్కదిద్దిన వారిలో ముఖ్యుడు విలియం కహాన్. ఆయన కృషితో 1985లో ఐ.ఇ.ఇ.ఇ. 754 అనే ప్రమాణం వెలువడింది. 1989లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఆ ప్రమాణం దోషాన్ని తొలగించలేదు. తొలగించడం సాధ్యమూ కాదు. దోషం ప్రతి యంత్రంలోనూ ఒకే విధంగా, ముందుగా లెక్కకట్టగలిగిన విధంగా ఉండేటట్లు చేసింది. అది సామాన్యమైన మేలు కాదు.

ఇంత సూక్ష్మమైన తేడా వలన ఎవరికి ఏ నష్టం అని పాఠకులు అడగవచ్చును. లోకానుభవం ఆ ప్రశ్నకు మూడు రకాల సమాధానాలిచ్చింది.

కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982 జనవరిలో ఒక కొత్త సూచికను 1000.000తో ప్రారంభించింది. వ్యాపారం జరిగినప్పుడల్లా, రోజుకు సుమారు మూడు వేలసార్లు, సూచికను తిరిగి లెక్కించి మూడు దశాంశ స్థానాలకు కుదించేవారు. సవరించడం కాదు, మిగిలిన తోకను నిర్దాక్షిణ్యంగా కత్తిరించేవారు. కత్తిరించినప్పుడల్లా విలువ తగ్గుతుందే గాని పెరగదు. అంగడి బాగానే సాగుతున్నా సూచిక నెలకు సుమారు ఇరవై పాయింట్లు కరగిపోతూ, 1983 నవంబరు నాటికి 524.811కు దిగిపోయింది. లోపం కనిపెట్టి తిరిగి లెక్కిస్తే రావలసిన విలువ 1098.892 అని తేలింది. ఇరవై రెండు నెలలపాటు మదుపుదారులు పెరుగుదలను పతనమని నమ్మారు.

జర్మనీలోని ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రంలో 1992 ఏప్రిల్ 5న ఎన్నికలు జరిగాయి. ఐదు శాతం ఓట్లు రాని పార్టీకి శాసనసభలో స్థానం లేదు. ఆ రాత్రి ఫలితాల పట్టికలో గ్రీన్ పార్టీకి సరిగ్గా 5.0 శాతం అని ఉన్నది. నిజానికి వచ్చినవి 4.97 శాతం. పట్టిక ముద్రించే ప్రోగ్రాం ఒక్క దశాంశ స్థానమే చూపేది, 4.97ను అది 5.0గా సవరించింది. అర్ధరాత్రి దాటిన తర్వాత గాని సంగతి బయటపడలేదు. గ్రీన్ పార్టీ స్థానాలు పోయాయి. సోషల్ డెమొక్రాట్లకు ఒక్క స్థానం ఆధిక్యంతో సభ దక్కింది. ఇక్కడ గణితం తప్పలేదు. చూపిన అంకెనే ఉన్న అంకెగా భావించడం జరిగింది.

మూడవది ప్రాణాలు తీసినది. గల్ఫ్ యుద్ధ కాలంలో 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైనికుల బసపై ఒక స్కడ్ క్షిపణి పడి 28 మంది మరణించారు. దానిని అడ్డగించవలసిన పేట్రియట్ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదవ వంతుల లెక్కన కొలిచేది. మళ్ళీ ఆ పదవ వంతే! 24 ద్విసంఖ్యా స్థానాలలో ఇరికించిన ఆ పదవ వంతులో దోషం సెకనులో కోటింట ఒక వంతు కంటె తక్కువ. కాని యంత్రం నూరు గంటలకు పైగా ఆగకుండా పనిచేసింది. నూరు గంటలలో 36 లక్షల పదవ వంతులు గడిచాయి. దోషం సెకనులో మూడవ వంతు పేరుకొన్నది. ఆ వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా ప్రయాణం చేస్తుంది. యంత్రం క్షిపణి లేని చోట దానికోసం వెదకింది. దోషాన్ని సరిదిద్దిన ప్రోగ్రాం మరునాడు, ఫిబ్రవరి 26న, దహ్రాన్ చేరింది.

ఈ భయంకర ఉదాహరణలు విని, బస్తర్‌లోని సహకార సంఘపు కంప్యూటర్ ఆకు కోసేవారి కూలిని నమిలివేస్తున్నదని భయపడనవసరం లేదు. నిజం చెప్పాలంటే ఫ్లోటింగ్ పాయింట్ దోషం ఒక్కటే అటువంటి ఖాతాలలో పైసా వరకు రావడం కూడా అరుదు. పదవ వంతును పది లక్షలసార్లు వరుసగా కూడితే లక్షకు బదులు సుమారు 1,00,000.0000013 వస్తుంది, ఏ సంఘం చిట్టాలోనూ అన్ని పద్దులుండవు. చిక్కు మరికొన్ని చోట్ల ఉన్నది.

మొదటిది, ‘సున్న అయినదా?’ అని అడిగే చోటు. జమ, ఖర్చు సరిపోవాలి. శేషం సున్న కావాలి. ఎక్సెల్‌లో 0.5 నుండి 0.4, ఆపై 0.1 తీసివేసి, ఆ మొత్తాన్ని ఒకటితో గుణించమంటే సున్న రాదు. పదిహేడవ దశాంశ స్థానంలో ఒక రుణ సంఖ్య నిలుస్తుంది. ఆ సంగతి ఎరుగని గుమాస్తా లేని తప్పుకోసం ఒక పూటంతా వెదకవచ్చును. సున్నతో పోల్చడానికి బదులు తేడా అర పైసాకు లోపు ఉన్నదా అని పోల్చాలి.

రెండవది, సరిగ్గా నడిమికి పడే సంఖ్యలను సవరించే చోటు. 2.675ను రెండు దశాంశాలకు సవరించమంటే ఎక్సెల్ 2.68 అంటుంది, పైథాన్ భాష 2.67 అంటుంది. పైథాన్ తాను దాచుకొన్న అసలు విలువ 2.675 కంటె రవంత తక్కువ అని నిజాయితీగా చూస్తుంది. ఎక్సెల్ మనిషి కోరికను గ్రహించి సర్దుబాటు చేస్తుంది. ఒక కార్యాలయంలో ఎక్సెల్, పై కార్యాలయంలో వేరొక ప్రోగ్రాం ఉంటే, రెండు జాబితాలు పైసా తేడాతో తగవులాడుకొంటాయి.

మూడవది, పంచే చోటు. తునికాకు వ్యాపారపు లాభంలో అధిక భాగం కోసినవారికే ప్రోత్సాహక పారితోషికంగా తిరిగి వెళ్ళాలన్నది అక్కడి ఏర్పాటు. పంపకం అనగానే భాగహారం. భాగహారం అనగానే తెగని భిన్నాలు. లక్ష రూపాయలను ఏడుగురికి సమంగా పంచాలనుకోండి. ఒక్కొక్కరికి 14,285.714 రూపాయలు. పట్టికలో ప్రతి గడిలోనూ 14,285.71 అని కనిపిస్తుంది. దిగువ మొత్తం లక్ష అని కనిపిస్తుంది. చేతితో కూడినవాడికి 99,999.97 వస్తుంది. మూడు పైసలు ఏమయ్యాయని అతడు అడిగితే ఆ ప్రశ్నలో తప్పులేదు. పూర్తి రూపాయలకు సవరిస్తే 14,286 చొప్పున 1,00,002 కావాలి. పెట్టెలో రెండు రూపాయలు తక్కువ. దీనికి తగిన మార్గం ఒకటి ఉన్నది: ముందుగా అందరికీ 14,285 వ్రాసి, మిగిలిన ఐదు రూపాయలను ఐదుగురికి ఒక్కొక్కటి చొప్పున, ముందే ప్రకటించిన నియమం ప్రకారం, వేయడం. వాటాలు అసమానమైనప్పుడు ఎవరి శేష భిన్నం పెద్దదో వారికి ముందు వేస్తారు.

నాలుగవది అన్నిటికంటె ప్రమాదకరం. దానిని ఎవరూ లెక్కగా భావించరు. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా పదిహేను అంకెలనే నిలుపుతుంది; ఆ పైని అంకెలను సున్నలు చేస్తుంది. కొన్ని భారతీయ బ్యాంకుల ఖాతా సంఖ్యలలో పదహారు అంకెలున్నాయి. 1234567890123456 అని టైపు చేస్తే గడిలో నిలిచేది 1234567890123450. పైసాలో లక్షవ వంతు కాదు, ఇక్కడ కూలి మొత్తం ప్రమాదంలో పడుతుంది. అది లేని ఖాతాకు వెళ్ళి వెనుకకు రావచ్చును, లేదా మరొకరి ఖాతా తలుపు తట్టవచ్చును. బ్యాంకు నుండి ఎన్నో కోసుల దూరంలో ఉన్న అటవీ గ్రామపు మనిషికి ఆ సొమ్ము జాడ తీయడానికి కూలి దినాలు పోతాయి. ముందు ఉన్న సున్నలు కూడా ఎక్సెల్ మింగివేస్తుంది. ఖాతా సంఖ్య సంఖ్య కాదు, పేరు వంటిది. దానితో కూడిక, తీసివేత ఎవరూ చేయరు. గడిని ముందుగా ‘టెక్స్ట్’ అని నిర్ణయించి ఆ తర్వాతనే టైపు చేయాలి. టైపు చేసిన తర్వాత మార్చినందువలన పోయిన అంకె తిరిగి రాదు.

సొమ్ము లెక్కకు అనుభవజ్ఞులు వాడే ఉపాయం ఇంకా సులభం: రూపాయలలో కాక పైసలలో లెక్కించడం. 5.60 రూపాయలకు బదులు 560 పైసలు. పూర్ణ సంఖ్యలు ద్విసంఖ్యా పద్ధతిలో ఎంత మాత్రం చెడవు. ఎక్సెల్ నిలిపే పదిహేను అంకెలను పైసలుగా తీసుకొన్నా దాదాపు పది లక్షల కోట్ల రూపాయల వరకు ఒక్క పైసా జారదు. రూపాయలలోనే లెక్కించక తప్పదంటే, ప్రతి పద్దును ‘రౌండ్’ సూత్రంతో రెండు స్థానాలకు సవరించి, సవరించిన వాటినే కూడాలి. అప్పుడు కనిపించేదీ ఉన్నదీ ఒకటే అవుతాయి. తెరపై చూపిన మేరకే విలువను నిలపమనే ఏర్పాటు కూడా ఎక్సెల్‌లో ఉన్నది. దానిని తాకేముందు పట్టికకు ఒక నకలు తీసి ఉంచాలి. అది ఒకసారి కత్తిరించిన అంకెలను మరల అతికించదు. శాస్త్రీయ గణనలలో, ఎక్కడ లక్షలాది కూడికలు తప్పవో అక్కడ, కహాన్ 1965లో ప్రకటించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది: ప్రతి కూడికలోనూ జారిపోయిన తునకను వేరొక గడిలో భద్రపరచి, తర్వాతి కూడికకు దానిని తిరిగి కలుపుతారు.